విరుద్ధం: దేనికి ఏది అడ్డు?

నిబంధనలకు విరుద్ధంగా కట్టిన భవనం, రాజ్యాంగ విరుద్ధమని కోర్టు కొట్టేసిన చట్టం, పార్టీ విధానానికి విరుద్ధంగా నోరు జారిన నాయకుడు, ఒకే రోజు వెలువడిన పరస్పర విరుద్ధ ప్రకటనలు. పత్రికలో ఏ పేజీ తిప్పినా ఈ మాట తగులుతూనే ఉంటుంది. చదివేవాళ్ళు ‘ఏదో తేడా ఉందట’ అనుకొని ముందుకు పోతారు. రాసేవాళ్ళు కూడా చాలాసార్లు అంతవరకే ఆలోచిస్తారు. కానీ ఈ మాట పుట్టింది తేడా చెప్పడానికి కాదు, అడ్డు చెప్పడానికి.

సంస్కృతంలో ‘రుధ్’ ధాతువుకు అడ్డగించడం, మూసివేయడం అని అర్థం. నిరోధం, అవరోధం, విరోధం అన్నీ దాని బిడ్డలే. ఏడుపుతో గొంతు పూడుకుపోతే రుద్ధకంఠం అంటాం. దానికే ముందు ‘వి’, చివర ‘త’ ప్రత్యయం చేరితే విరుద్ధం. అంటే ఒకటి నిలబడితే రెండోదానికి దారి మూసుకుపోవాలి. రెండూ పక్కపక్కన హాయిగా నడవగలిగితే అవి వేరువేరు కావచ్చు, ఎదురెదురు కావచ్చు, విరుద్ధం మాత్రం కావు.

ఈ పుట్టుక గుర్తుంటే రాతలో కూడా తప్పు రాదు. ధాతువు చివరి ధకారం పక్కన త వచ్చినప్పుడు ఆ త ధగా మారుతుంది, ముందున్న ధ తేలికపడి ద అవుతుంది. అందుకే దకు ధవత్తు. బుధ్ నుంచి బుద్ధుడు, యుధ్ నుంచి యుద్ధం, శుధ్ నుంచి శుద్ధి, సిధ్ నుంచి సిద్ధం, వృధ్ నుంచి వృద్ధి, అన్నిటికీ ఇదే లెక్క. దకు దవత్తు ఇచ్చి ‘విరుద్దం’ అన్నా, ధకు ధవత్తు ఇచ్చి ‘విరుధ్ధం’ అన్నా తప్పే. దీని భావనామం దగ్గర చిన్న పేచీ ఉంది. విరుద్ధ శబ్దం నుంచి నేరుగా వస్తే వైరుద్ధ్యం కావాలి. నోటికి బరువనిపించిందేమో, వాడుకలో వైరుధ్యమే స్థిరపడింది. ఆ రూపం మీద ఇప్పుడు యుద్ధం చేయనక్కర్లేదు. ఒకే వ్యాసంలో ఒకచోట అదీ ఒకచోట ఇదీ రాయకుండా ఉంటే చాలు.

అసలు చిక్కు ఇరుగుపొరుగు మాటలతోనే వస్తుంది. ఊరి చెరువులో పూడిక తీయాలని పంచాయతీ తీర్మానించిందనుకుందాం. ఒక సభ్యుడు లేచి, ముందు కాలువ బాగుచేద్దాం, పూడిక సంగతి తర్వాత చూద్దాం అన్నాడు. అది భిన్నాభిప్రాయం. ఇంకొకాయన పూడిక తీయడమే వద్దన్నాడు. అది వ్యతిరేకత. పని మొదలైన వారానికి వాన పట్టుకొని పదిరోజులు వదల్లేదు. అది ప్రతికూల వాతావరణం. పని పట్టిన గుత్తేదారు మట్టి బయటికి తోలకుండా, బయటి మట్టి తెచ్చి చెరువులోనే పోసి ఓ మూల మెరక చేశాడు. తీర్మానానికి విరుద్ధమైనది ఇదొక్కటే. వద్దన్న సభ్యుడు తీర్మానాన్ని ఏమీ చేయలేదు, మాట మాత్రం అన్నాడు. గుత్తేదారు చేసిన పనీ, తీర్మానమూ ఒకే చెరువులో ఇమడవు.

వ్యతిరేకానికి మనిషి కావాలి, వైఖరి కావాలి. ‘నేను దానికి వ్యతిరేకిని’ అనొచ్చు, ‘నేను దానికి విరుద్ధం’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. విరుద్ధం అయ్యేది మాట, పని, నియమం, గుణం. మనిషి దగ్గరికి వచ్చేసరికి అదే ధాతువు నుంచి ‘విరోధి’ సిద్ధంగా ఉన్నాడు. అయితే విరోధి అనగానే పగ వాసన వస్తుంది. విరుద్ధంలో పగ లేదు. రెండు లెక్కలు ఒకదానికొకటి విరుద్ధంగా ఉండొచ్చు, వాటి మధ్య కోపతాపాలేమీ ఉండవు.

విపరీతం కథ మరీ తమాషా. తిరగబడినది, తలకిందులైనది అని దాని మొదటి అర్థం. ‘వినాశకాలే విపరీతబుద్ధి’ అనే సామెతలో ఆ పాత అర్థం ఇంకా బతికే ఉంది. తెలుగులో అది జారి జారి ‘చాలా ఎక్కువ’ దగ్గర ఆగింది: విపరీతమైన ఎండ, విపరీతమైన రద్దీ. వ్యతిరేకం కూడా ఇల్లు మారినదే. అలంకారశాస్త్రంలో వ్యతిరేకం అంటే ఉపమానం కన్నా ఉపమేయం మిన్న అని చెప్పడం, ‘నీ ముఖానికి మచ్చ లేదు, చంద్రుడికి ఉంది’ అన్నట్టు. తెలుగు వ్యాకరణంలో ‘రాడు, చేయక, తినని’ వంటివి వ్యతిరేకార్థకాలు. ఇన్ని మాటలు ఇన్నివైపులకు కొట్టుకుపోయినా, విరుద్ధం మాత్రం తన పాత అర్థాన్ని దాదాపు చెక్కుచెదరకుండా నిలుపుకుంది. దాన్ని పలచన చేస్తున్నది ఇప్పటి వాడుకే.

రెండు విషయాలు విరుద్ధమని తేల్చడానికి ముందు మూడు సంగతులు చూడాలి. రెండూ ఒకే వస్తువు గురించినవేనా, ఒకే సమయానికి చెందినవేనా, ఒకే సంబంధంలో చెప్పినవేనా? ఒకాయన తండ్రి, ఆయనే కొడుకు. ఇందులో వైరుధ్యం లేదు, సంబంధాలు వేరు. పగలూ రాత్రీ బడిపుస్తకంలో వ్యతిరేక పదాలే, కానీ ఒకే ఊళ్ళో పన్నెండు గంటల తేడాతో రెండూ ఉంటాయి. ‘మా ఊళ్ళో పగలు’ అని హైదరాబాదు నుంచి, ‘మా ఊళ్ళో రాత్రి’ అని డల్లాస్ నుంచి ఫోనులో చెప్పుకుంటే ఇద్దరిదీ నిజమే. సాక్షుల వాంగ్మూలాల్లో వైరుధ్యం వెతికే లాయర్లు కూడా మొదట చూసేది ఇదే. ఒకరు ఎర్ర చొక్కా అన్నారు, ఒకరు నీలం చొక్కా అన్నారు. చూసిన సమయం ఒకటేనా, చూసిన మనిషి ఒకడేనా తేలకుండా అది వైరుధ్యం కాదు.

ఈ మూడూ కుదిరాక ఇంకో మెట్టు ఉంది. ‘గోడ తెల్లన’, ‘గోడ నల్లన’. ఈ రెండూ ఒకేసారి నిజం కావు. కానీ రెండూ అబద్ధం కావచ్చు, గోడ పచ్చగా ఉండొచ్చు. ‘గోడ తెల్లన’, ‘గోడ తెల్లన కాదు’. ఇక్కడ తప్పించుకునే సందు లేదు, ఒకటి నిజమైతే రెండోది అబద్ధం, ఒకటి అబద్ధమైతే రెండోది నిజం. తర్కంలో ఈ రెండింటినీ వేరుగా పెట్టుకుంటారు. వాదనల్లో జరిగే మోసమంతా మొదటిదాన్ని రెండోదిగా చూపడమే: ‘ఈ పథకాన్ని సమర్థించకపోతే నువ్వు పేదల శత్రువువి’. పచ్చగోడ ఉండే అవకాశాన్ని మింగేసి నల్లగోడను చేతిలో పెడతారు.

దీనికి తోడు తెలుగు పెట్టే మెలిక ఒకటుంది. ‘పెళ్ళికి అందరూ వచ్చారు’ అనే మాటను కచ్చితంగా ఖండించాలంటే ఏమనాలి? ‘ఎవరూ రాలేదు’ అంటే అది మరీ అవతలి కొస. ఒక్కరు రాకపోయినా ఆ మాట అబద్ధమేగా. కావలసింది ‘కొందరు రాలేదు’. అయితే మనం మామూలుగా అనేది ‘అందరూ రాలేదు’ అని. ఈ వాక్యానికి ‘వచ్చినవాళ్ళు కొందరే’ అనీ చెప్పుకోవచ్చు, ‘ఒక్కరూ రాలేదు’ అనీ చెప్పుకోవచ్చు. నోటితో అన్నప్పుడు ‘అందరూ’ మీద ఒత్తు పలికితే మొదటి అర్థం తేలుతుంది. కాగితం మీద ఒత్తు ఉండదు. ‘బాధితులందరికీ పరిహారం అందలేదు’ అన్న శీర్షిక చదివి ఒకరు ‘అసలు ఎవరికీ ఇవ్వలేదు’ అనుకుంటారు, ఒకరు ‘కొందరికి మిగిలిపోయింది’ అనుకుంటారు. మర్నాడు అధికారి ‘సగం మందికి ఇచ్చాం’ అంటే అది వార్తకు విరుద్ధమో కాదో చెప్పలేం. ‘బాధితుల్లో కొందరికి ఇంకా అందలేదు’ అనో, ‘ఒక్కరికీ అందలేదు’ అనో రాస్తే గొడవే లేదు.

మన తార్కికులు విరుద్ధాన్ని మరో కోణంలో పట్టుకున్నారు. న్యాయశాస్త్రంలో (అంటే చట్టాల శాస్త్రం కాదు, మన పాత తర్కశాస్త్రం) చూపిన కారణం దోషంతో ఉంటే దాన్ని హేత్వాభాసం అంటారు. అందులో ఒక రకం పేరే విరుద్ధం. ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు పదిహేడో శతాబ్దంలో రాసిన తర్కసంగ్రహంలో ఇచ్చిన ఉదాహరణ ఇది: ‘శబ్దం నిత్యం, ఎందుకంటే అది పుట్టించబడినది’. పుట్టించబడినదేదైనా అనిత్యమే. కాబట్టి చూపిన కారణం మనం చెప్పదలచుకున్నదాన్ని కాక, సరిగ్గా దాని అభావాన్నే రుజువు చేస్తుంది. అవతలివాడు వేరే కారణం తెచ్చి మన వాదానికి సమవుజ్జీగా నిలబెడితే దాని పేరు సత్‌ప్రతిపక్షం, అది వేరు. విరుద్ధంలో అవతలివాడు నోరు విప్పనక్కర్లేదు, మన సాక్షే మనకు ఎదురు తిరుగుతాడు. ‘ఈ లెక్కలు నమ్మదగినవి, ఇంతవరకూ వీటిని ఎవరూ సరిచూడలేదు కనుక’ అనే వాక్యం రోజూ ఏదో రూపంలో వింటూనే ఉంటాం.

ఒకే వాక్యం తన్ను తానే కొట్టుకుంటే ‘వదతో వ్యాఘాతం’. ‘మా అమ్మ గొడ్రాలు’, ‘నేను మౌనవ్రతంలో ఉన్నాను’ అని నోటితో చెప్పడం పాతకాలం నుంచీ ఇచ్చే ఉదాహరణలు. ఒక గ్రంథంలో ముందు చెప్పినదానికీ తర్వాత చెప్పినదానికీ పడకపోతే పూర్వాపర విరోధం. కళ్ళెదుట కనిపిస్తున్నదాన్ని కాదంటే ప్రత్యక్ష విరుద్ధం. ఇన్ని పేర్లు ఉండగా అన్నిటికీ ‘పరస్పర విరుద్ధం’ అని ఒకే ముద్ర కొట్టేయడం సోమరితనం. పరస్పరం అంటే ఒకదానికొకటి. ‘మంత్రి పరస్పర విరుద్ధ ప్రకటన చేశారు’ అని ఏకవచనంలో రాస్తే, ఆ ఒక్క ప్రకటన ఎవరితో పోట్లాడుతున్నట్టు? ‘పరస్పర విరుద్ధ ప్రకటనలు’ అనాలి, లేదా ‘తన మాటను తానే ఖండించుకున్నారు’ అనాలి.

పరస్పరం కాని పొసగనితనం కూడా ఉంటుంది. రక్తమే ఉదాహరణ. ఎ గ్రూపు ఎర్రకణాలను ఓ గ్రూపు మనిషికి ఎక్కిస్తే, అతని రక్తంలో ముందే ఉన్న ప్రతిరక్షకాలు ఆ కణాల మీద దాడి చేస్తాయి, ప్రాణాపాయం. అదే ఓ గ్రూపు ఎర్రకణాలు ఎ గ్రూపు మనిషికి ఎక్కిస్తే ఆ గొడవ లేదు. (పాజిటివ్, నెగటివ్ అని చెప్పే ఆర్‌హెచ్ సంగతి వేరే చూసుకోవాలి.) పడకపోవడం ఒకే దిక్కున ఉంది. ఇలాంటిచోట ‘రెండూ విరుద్ధం’ అంటే తప్పుదారి పట్టించినట్టే. ‘ఇది దానికి సరిపడదు’ అనే మామూలు తెలుగే కచ్చితంగా ఉంది.

కవిత్వంలో వైరుధ్యం ఒకచోట దోషం, ఒకచోట నగ. కావ్యాదర్శం అనే సంస్కృత అలంకారగ్రంథంలో దండి చెప్పిన పది దోషాల్లో ఒకటి ‘వ్యర్థం’. ఇవాళ మనం పనికిరానిది అనే అర్థంలో వాడే ఈ మాటకు దండి చెప్పిన అర్థం వేరు: ముందూ వెనకా పొసగక అర్థం అడ్డం తిరగడం. పదో దోషం ఇంకా విశాలం, దేశానికీ కాలానికీ కళలకూ లోకానికీ న్యాయానికీ (తర్కానికీ) ఆగమానికీ (శాస్త్రగ్రంథాలకూ) విరోధంగా రాయడం. ఎడారిలో వరి నాట్లు, వైశాఖంలో మంచుపొగ ఆ కోవలోవి. ‘విరుద్ధమతికృత్’ అని మరో దోషం ఉంది, అనుకున్నదానికి అడ్డమైన భావం స్ఫురింపజేయడం. ‘భవానీపతి’ దానికి పేరుపడ్డ ఉదాహరణ. భవుడంటే శివుడు, ఆయన భార్య భవాని. మరి భవానికి పతి అంటే ‘శివుడి భార్యకు మొగుడు’ అన్నట్టయి, ఇంకెవరో ఉన్నారేమో అనిపిస్తుంది. భక్తితో పిలిచేవాళ్ళకు ఈ అనుమానం రాదు, అది వేరే మాట.

వైరుధ్యం పైకి మాత్రమే ఉండి, అర్థం విప్పగానే మాయమైతే విరోధాభాసాలంకారం. కువలయానందం అనే అలంకారగ్రంథంలో అప్పయ్య దీక్షితులు ఇచ్చిన ఉదాహరణలో, హారం లేకపోయినా స్తనాలు ‘హారిణౌ’ అని ఉంటుంది. హారం ఉన్నవి అనుకుంటే చిక్కు, మనసును హరించేవి అనుకుంటే తీరిపోతుంది. ‘ఆభాసం’ అన్న తోకను మరచిపోయి, ప్రతి వైరుధ్యాన్నీ విరోధాభాసం అనేవాళ్ళున్నారు. చిక్కుముడి విడితేనే అది అలంకారం. విడకపోతే దండి చెప్పిన వ్యర్థమే.

ఇక్కడ ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకంలో చూపిన ఉపాయం ఈ మాట లోతును బాగా పట్టిస్తుంది. కొన్ని రసాలకు ఒకదానితో ఒకటి పడదు. వీరం, భయానకం అలాంటి జంట. ఒకే నాయకుడు అదే క్షణంలో వీరుడుగానూ పిరికిగానూ ఉంటే కథ చెడుతుంది. కానీ వీరం నాయకుడిలోనూ భయం శత్రువులోనూ పెడితే విరోధం పోవడమే కాదు, నాయకుడి వీరం ఇంకా మెరుస్తుంది. ఆశ్రయం, అంటే ఆ రసం ఉండే మనిషిని, మార్చాడు, అంతే. వెంటవెంటనే వస్తే పడని రసాల మధ్య, రెండింటితోనూ స్నేహంగా ఉండే మూడో రసాన్ని ఇరికించడం రెండో ఉపాయం. శాంతానికీ శృంగారానికీ నడుమ అద్భుతం వచ్చి కూర్చుంటుంది. వైరుధ్యం వస్తువుల్లో లేదు, వాటిని ఎక్కడ, ఎంత దగ్గరగా పెట్టామన్నదానిలో ఉంది.

ఆయుర్వేదంలోని విరుద్ధాహారం కూడా సరిగ్గా ఇదే చెబుతుంది. చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో 18 రకాల వైరుధ్యాలు ఉన్నాయి. దేశం, కాలం, అగ్ని (జీర్ణశక్తి), మాత్ర (మోతాదు), సాత్మ్యం (ఒంటికి అలవాటు), సంస్కారం (వండే తీరు), వీర్యం (పదార్థపు చలవ, వేడి గుణం), క్రమం, సంయోగం (కలయిక) ఇలా సాగుతుందా జాబితా. విరుద్ధాహారమంటే చెడ్డ ఆహారమని చాలామంది అనుకుంటారు. చేప మంచిదే, పాలూ మంచివే. పాలది శీతవీర్యం, చేపది ఉష్ణవీర్యం కనుక కలిపి తినవద్దంది శాస్త్రం. తేనె, నెయ్యి విడివిడిగా ఔషధాలే. సమానమైన తూకంలో కలిపితే మాత్రా విరుద్ధం. హెచ్చుతగ్గులుగా కలిపితే అభ్యంతరం లేదు. చలికాలంలో చల్లనివీ పొడిగా ఉండేవీ తినడం కాల విరుద్ధం, అవే ఎండాకాలంలో అంతగా అడ్డు కావు. ఈ నియమాలన్నిటినీ ఆధునిక వైద్యం యథాతథంగా ఒప్పుకోదు, చేపల పులుసు తిన్నాక పెరుగన్నం తింటే బొల్లి వస్తుందన్న నమ్మకానికి రుజువు లేదు. మాట వాడుక వరకు మాత్రం చరకుడి దగ్గర నేర్చుకోవలసింది ఉంది. విరుద్ధం అన్న ప్రతిసారీ ఆయన పక్కన ‘ఏ విషయంలో’ అన్నది చేర్చాడు.

చట్టంలో ఈ మాట తప్పుగా వాడితే డబ్బూ దస్కం పోతాయి కాబట్టి అక్కడ లెక్క ఇంకా బిగువుగా ఉంటుంది. రాజ్యాంగం 13వ అధికరణ ప్రకారం ప్రాథమిక హక్కులకు విరుద్ధమైన చట్టం చెల్లదు. ఎంతవరకు చెల్లదు? ‘ఆ వైరుధ్యం ఉన్న మేరకు’. ఈ ‘మేరకు’ చాలా విలువైన మాట. 2015లో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్‌లో అభ్యంతరకర సందేశాలు పంపడాన్ని నేరం చేసిన ఐటీ చట్టంలోని 66ఎ సెక్షనును కొట్టివేసింది, 2000 నాటి ఆ చట్టం మాత్రం నిలిచే ఉంది. ‘ఐటీ చట్టం రాజ్యాంగ విరుద్ధం’ అని రాసి ఉంటే అది తప్పు వార్త.

ఇద్దరికీ చట్టం చేసే అధికారం ఉన్న ఉమ్మడి జాబితాలోని అంశం మీద కేంద్రమూ రాష్ట్రమూ చట్టాలు చేసి, ఆ రెండూ ఢీకొంటే 254వ అధికరణ పలుకుతుంది. మామూలుగా కేంద్ర చట్టానిదే పైచేయి. రాష్ట్ర చట్టం రాష్ట్రపతి ఆమోదం పొంది ఉంటే ఆ రాష్ట్రం వరకు అదే నడుస్తుంది. 2013 భూసేకరణ చట్టానికి తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ తెచ్చిన సవరణలు రాష్ట్రపతి దగ్గరకు వెళ్ళింది ఈ దారి కోసమే. మరి ఢీకొన్నాయని తేల్చడం ఎలా? 1979లో ఎం. కరుణానిధి కేసులో సుప్రీంకోర్టు చెప్పినది ఆ ధాతువు అర్థానికి వ్యాఖ్యానంలా ఉంటుంది. రెండు చట్టాల మధ్య స్పష్టమైన, సూటి అయిన వైరుధ్యం ఉండాలి. ఒకదాన్ని పాటిస్తే రెండోదాన్ని మీరక తప్పని పరిస్థితి రావాలి. ఒకే రంగంలో ఉన్నా పక్కపక్కన నడవగలిగితే రెండూ చెల్లుతాయి. కేంద్రం హెల్మెట్ పెట్టుకోమంది, రాష్ట్రం హెల్మెట్‌తోపాటు మెరిసే పట్టీ కూడా పెట్టుకోమంది అనుకోండి. రెండూ పాటించొచ్చు. రాష్ట్రం హెల్మెట్ నిషేధిస్తేనే విరుద్ధం.

‘చట్టవిరుద్ధం’ అనగానే జైలు గుర్తొస్తుంది, అదీ పొరపాటే. చట్టవిరుద్ధం, నేరం, చెల్లనిది అని మూడు వేరు మాటలు. మైనరుతో రాయించుకున్న ఒప్పందపత్రం చెల్లదు. రాయించుకోవడం దానంతటది నేరం కాదు, అందులోని విషయం చట్టవిరుద్ధం కూడా కాకపోవచ్చు. 1872 కాంట్రాక్టు చట్టం 23వ సెక్షను ప్రకారం చట్టం నిషేధించిన పని కోసమో, ప్రజాహితానికి విరుద్ధమైన లక్ష్యం కోసమో చేసుకున్న ఒప్పందం చట్టవిరుద్ధం, అదీ చెల్లదు. కాబట్టి చట్టవిరుద్ధ ఒప్పందాలన్నీ చెల్లనివే, చెల్లనివన్నీ చట్టవిరుద్ధం కావు. ఫిర్యాదు రాసేవాళ్ళు ‘చట్టవిరుద్ధంగా’ అని నాలుగుసార్లు నొక్కి రాయడం కన్నా ఏ చట్టం, ఏ సెక్షను, ఏ తేదీన జరిగిన ఏ పని అని ఒక్కసారి రాస్తే బలం ఎక్కువ. ‘మూడంతస్తులకు అనుమతి, కట్టింది అయిదు’ అన్నాక విరుద్ధం అనే మాట లేకపోయినా పని జరుగుతుంది.

ఇంటి మాటలకు వస్తే తెలుగులో విరుద్ధానికి ఎన్ని ఛాయలో. పొసగదు అంటే కలిసి ఇమడదు: వాళ్ళిద్దరికీ పొసగదు. పొంతన లేదు అంటే పోల్చి చూస్తే సరిపోలడం లేదు: రసీదుకూ పద్దుకూ పొంతన లేదు. పడదు అన్నది మనుషులకూ ఒంటికీ రెండింటికీ: తోడికోడళ్ళకు పడదు, నాకు వంకాయ పడదు. గిట్టదు అంటే ఒకవైపు అయిష్టం, అవతలివాళ్ళకు ఆ సంగతి తెలియకపోవచ్చు. నప్పదు అంటే కంటికి ఇంపుగా లేదు. చీరకు వేరు రంగు జాకెట్టు వేస్తే ‘విరుద్ధమైన రంగు’ అనరు. కావాలని వేసి బాగుంటే కాంట్రాస్టు, బాగోకపోతే నప్పలేదు.

సామెతల్లో కూడా ఈ తేడాలు కచ్చితంగా ఉన్నాయి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు అన్నది అసలైన విరుద్ధం: చోటు ఒకటే, ఉండేది ఒకటే. ఉప్పూ నిప్పూ అన్నది విరోధం, కలిస్తే చిటపట. ఎడ్డెమంటే తెడ్డెం అన్నది మొండివాడి వ్యతిరేకత, విషయంతో దానికి పని లేదు. పైన పటారం లోన లొటారం అన్నది కనిపించేదానికీ ఉన్నదానికీ పొంతన లేకపోవడం. బోడిగుండుకూ మోకాలికీ ముడి అన్నది వైరుధ్యమే కాదు, అసలు సంబంధమే లేకపోవడం. రెండు విషయాల మధ్య సంబంధం లేదని చెప్పవలసినచోట విరుద్ధమని రాయడం అచ్చులో తరచు కనిపించే తప్పు.

కొత్తగా క్లాష్ వచ్చి చేరింది. సంక్రాంతికి రెండు పెద్ద సినిమాల క్లాష్, పరీక్షల తేదీల క్లాష్. దీన్ని తెలుగు చేస్తూ ‘పరీక్షల తేదీలు విరుద్ధంగా ఉన్నాయి’ అని రాసినవాళ్ళున్నారు. తేదీలు విరుద్ధం కాలేదు, ఒకటే అయిపోయాయి. ‘రెండు పరీక్షలూ ఒకే రోజు పడ్డాయి’ అంటే సరి. క్లాష్ అన్నా తప్పేమీ లేదు, అందరికీ తెలిసిన మాటే.

ఇక వాక్యంలో కూర్చడం. విరుద్ధం ‘కు’తో నడుస్తుంది: మాటకు విరుద్ధం, తీర్పుకు విరుద్ధం. విభేదించడం ‘తో’ను కోరుతుంది: ఆయనతో విభేదించాను. ‘ఆయనతో విరుద్ధంగా’ అనేది ఈ రెంటినీ కలిపేసిన కలగూరగంప. సంస్కృత పదమైతే విభక్తి లేకుండా నేరుగా సమాసం చేయొచ్చు: లోకవిరుద్ధం, శాస్త్రవిరుద్ధం, ప్రకృతివిరుద్ధం శుద్ధమైన సమాసాలు. చట్టవిరుద్ధం అనే మాట మాత్రం ఎంత పాతుకుపోయిందంటే అందులోని ‘చట్టం’ పుట్టుక ఎవరూ అడగరు. ‘మాటవిరుద్ధం’, ‘రూలువిరుద్ధం’ అంటే చెవికి ఎక్కడో గుచ్చుకుంటుంది. తెలుగు మాటనూ సంస్కృత పదాన్నీ ఇలా అతికితే పండితులు వైరిసమాసం అన్నారు. పొసగనివాటికి పేరు పెట్టే మాటే పొసగని సమాసంలో ఇరుక్కోవడం కొంచెం వేడుకే. ‘మాటకు విరుద్ధం’ అని ఒక్క ‘కు’ చేర్చితే వైరం తీరిపోతుంది.

‘విరుద్ధంగా’ను వాక్యంలో ఎక్కడ పెట్టామన్నది అన్నిటికన్నా ముఖ్యం. ‘కోర్టు ఆదేశాలకు విరుద్ధంగా అధికారులు కూల్చిన ఇళ్ళను తిరిగి కట్టించాలని ప్రభుత్వం నిర్ణయించింది.’ ఆదేశాలను మీరింది ఎవరు? కూల్చిన అధికారులా, నిర్ణయించిన ప్రభుత్వమా? వాక్యం రెండింటికీ తల ఊపుతుంది. ‘అధికారులు కోర్టు ఆదేశాలకు విరుద్ధంగా కూల్చిన ఇళ్ళను’ అని, ఏ క్రియకు చెందుతుందో దాని పక్కనే పెడితే అనుమానం ఉండదు. లేదన్న క్రియ వస్తే చిక్కు రెట్టింపు. ‘నిబంధనలకు విరుద్ధంగా అనుమతి ఇవ్వలేదు’ అన్న వాక్యాన్ని అధికారి తన సమర్థన కోసం రాసుకోవచ్చు, దరఖాస్తుదారు అతని మీద ఫిర్యాదులో రాయొచ్చు, ఇద్దరికీ అక్షరం మార్చే పని లేదు. అధికారి తరఫున అయితే ‘నిబంధనలకు విరుద్ధమైన అనుమతి ఏదీ ఇవ్వలేదు’ అని రాయాలి. దరఖాస్తుదారు తరఫున అయితే ‘నిబంధనల ప్రకారం ఇవ్వవలసిన అనుమతిని ఇవ్వలేదు’ అని రాయాలి.